సెల్‌ఫోను కెమెరాతో పొలములో కొలతలు: ఎంతవరకు నమ్మవచ్చును?

రచన: వ్యవసాయాధికారి, బి.యస్సి. (వ్యవసాయము)

మన పెద్దలు బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అని తమ శరీరముతోనే కొలిచెడివారు. ఆ కొలతలు చేతిలోనే యుండుట వలన సౌకర్యము మెండు. కాని ఒకని మూరకును మరియొకని మూరకును తేడా యుండును. అమ్మువాని మూర పొట్టిదై, కొనువాని మూర పొడుగుదైనప్పుడు తగాదా తప్పదు. అందువలననే 1956లో చేసిన తూనికలు, కొలతల చట్టము ద్వారా దేశమంతటను మీటరు, కిలోగ్రాము ఒకే తీరున అమలులోనికి వచ్చినవి. అంగడిలోని కాటాకును, రాళ్ళకును ముద్ర వేయుట కూడ ఇందుకొరకే.

నేడు ప్రతి యింటను సెల్‌ఫోను కలదు. అందులో కెమెరా కలదు. పైరుకు పురుగు తగిలినను, చేనిలో ఒర్రె పడినను, కాయ పగిలినను వెంటనే ఫోటో తీసి వ్యవసాయ విస్తరణాధికారికి పంపుచున్నారు. ఇది మంచి అలవాటే. అయితే ఆ ఫోటోను చూచి "ఆకులో సగము పోయినది", "ఒర్రె నడుము లోతున్నది", "కాయ ఇంత లావున్నది" అని కొలతలు కూడ చెప్పుచున్నారు. ఇక్కడనే జాగ్రత్త అవసరము. కెమెరా కూడ మూర వంటిదే. ఏ కెమెరాకు దాని మూర దానికున్నది. ఆ మూర ఎంతో ముందుగా తెలిసికొన్నచో తక్కువ ధర ఫోనుతోనే మిల్లీమీటర్లలో కొలువవచ్చును. తెలిసికొనకున్నచో ఎంత ఖరీదైన ఫోనైనను మోసపుచ్చును. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల రైతులకు పనికివచ్చునట్లు ఈ పరీక్ష ఎట్లు చేయవలెనో, ఏ పనికి ఎంతవరకు నమ్మవచ్చునో ఈ వ్యాసములో వివరించడమైనది. 2016లోను, 2019లోను జిల్లాలు విభజింపబడినప్పటికిని ఈ మెట్టనేలల స్వభావము ఒక్కటే గనుక పాత పేర్లనే ఇక్కడ వాడడమైనది.

దూరపు చూపు, దగ్గరి చూపు

ఫోటోతో కొలుచుట క్రొత్త సంగతి కాదు. ఆల్బ్రెక్ట్ మేడెన్‌బావర్ అను జర్మను వాస్తుశిల్పి 1858లో వెట్జ్‌లార్ పట్టణములోని పెద్ద చర్చిని కొలుచుచు పైనుండి పడబోయి తప్పించుకొన్నాడు. గోడలెక్కి ప్రాణము మీదికి తెచ్చుకొనుట కంటె ఫోటో తీసి దానినుండి కొలుచుట మేలను తలంపు ఆయనకు అప్పుడు కలిగినది. ఈ విద్యకు "ఫోటోగ్రామెట్రీ" అను పేరు ఆయన వ్యాసముతోనే 1867లో అచ్చులోనికి వచ్చినది.

మన సమీపముననే దూరపు చూపునకు మంచి ఉదాహరణము కలదు. 2016 వరకు మహబూబునగరు జిల్లాలో నుండిన షాద్‌నగరులో ఉపగ్రహములు పంపు చిత్రములను అందుకొను భూకేంద్రము ఉన్నది. 2011లో ప్రయోగించిన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహము 817 కిలోమీటర్ల ఎత్తునుండి నేలను చూచును. అందులోని మిక్కిలి సూక్ష్మమైన కెమెరాకు సైతము చిత్రములో ఒక్క చుక్క అనగా నేలమీద సుమారు 5.8 మీటర్లు. చెరువులో నీరెంత మేర పరచుకొన్నదో, మండలములో పైరు ఎంత మేర ఉన్నదో దానికి తెలియును. కాని ఆముదపు ఆకుకు పడిన చిల్లు దానికి కనబడదు. ఆ పని దగ్గరి చూపుది. జానెడు దూరము మొదలు నాలుగైదు మీటర్ల దూరము వరకు రైతు చేతిలోని కెమెరాయే దానికి తగిన సాధనము.

ఫోటోలో కొలత ఎట్లగును?

ఫోటో అనగా వేలకొలది చిన్న చుక్కల వరుస. ఈ చుక్కనే పిక్సెలు అందురు. సాధారణమైన 12 మెగాపిక్సెళ్ళ ఫోటోలో పొడవున 4,000, వెడల్పున 3,000 చుక్కలుండును. ఒక్కొక్క చుక్క నిజముగా ఎన్ని మిల్లీమీటర్లో తెలిసినచో చుక్కలు లెక్కించి పొడవు చెప్పవచ్చును. దానిని తెలిసికొనుటకు, కొలవవలసిన వస్తువు ప్రక్కనే పొడవు తెలిసిన మరియొక వస్తువు నుంచవలెను.

ఇందుకు స్టీలు స్కేలు ఉత్తమము. అది లేనప్పుడు బ్యాంకు ఏ.టి.యం. కార్డు చాలును. ఏ బ్యాంకు కార్డైనను దాని పొడవు 85.6 మి.మీ., వెడల్పు 54 మి.మీ. మాత్రమే. కార్డు మీది అంకెలు ఫోటోలో పడకుండ వెనుకకు త్రిప్పి, అక్కడి అంకెలను కూడ కాగితముతో కప్పి వాడవలెను. ఏ-4 కాగితము పొడవు 297 మి.మీ., వెడల్పు 210 మి.మీ.

ఉదాహరణకు, సుమారు 50 సెం.మీ. ఎత్తునుండి తీసిన ఫోటోలో కార్డు పొడవు 570 చుక్కలుగా వచ్చినదనుకొనుడు. 85.6ను 570 చే భాగించగా ఒక చుక్క 0.15 మి.మీ. అగును. అదే ఫోటోలో ఆకు పొడవు 1,600 చుక్కలున్నచో ఆకు 240 మి.మీ. పొడవున్నదన్నమాట. చుక్కలను లెక్కించుటకు 'ఇమేజ్‌జే' అను ఉచితమైన కంప్యూటరు సాధనము కలదు. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో దీనిని తయారుచేసినారు. తెలిసిన పొడవును ఒకసారి గీతతో చూపినచో తక్కిన కొలతలను అదే లెక్కించి చెప్పును. చదువుకొనుచున్న పిల్లలు ఒక్క పూటలో దీనిని నేర్చుకొనగలరు.

మెగాపిక్సెళ్ళ మోజు

ఫోను కొనునప్పుడు 48, 50, 108 మెగాపిక్సెళ్ళని పెట్టె మీద పెద్ద అంకెలు కనబడును. ఈ ఫోనులలో చాలావరకు నాలుగేసి చుక్కలనో, తొమ్మిదేసి చుక్కలనో కలిపి ఒక్కటిగా చేసి, చివరకు సుమారు 12 మెగాపిక్సెళ్ళ ఫోటోనే మామూలుగా ఇచ్చును. కావున అంకెను చూచి ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. కొలతకు ముఖ్యమైనవి మూడు: కటకము, అనగా లెన్సు, గీతలను వంచకుండుట, చిత్రము స్పష్టముగా నుండుట, తీసిన ప్రతిసారి ఒకే తీరుగా వచ్చుట. ఈ మూడింటిని మన యింటివద్దనే పరీక్షింపవచ్చును.

నాలుగు పరీక్షలు

మొదటిది, తిన్నని గీత పరీక్ష. గోడమీద రెండు మేకుల మధ్య దారమును బిగించి కట్టవలెను. ఆ దారము ఫోటో యొక్క పై అంచు వెంబడి వచ్చునట్లు ఒకటియు, మధ్యగా వచ్చునట్లు మరియొకటియు ఫోటోలు తీయవలెను. మధ్యలో తిన్నగా నున్న దారము అంచున విల్లువలె వంగి కనబడినచో ఆ లెన్సు అంచులలో నమ్మదగినది కాదు. ఎక్కువ మేర కనబడుటకై పెట్టిన వెడల్పు లెన్సులో, అనగా 0.5 గుర్తు గల దానిలో, ఈ వంకర హెచ్చుగా నుండును. కొలతలకు ఎల్లప్పుడు 1 గుర్తు గల ప్రధాన లెన్సునే వాడవలెను.

రెండవది, నడుమ-అంచు పరీక్ష. గోడకు టేపును అడ్డముగా అంటించి, దానికి ఎదురుగా నిలిచి ఫోటో తీయవలెను. ఫోటో మధ్యలో 10 సెం.మీ.కు ఎన్ని చుక్కలున్నవో, అంచువద్ద 10 సెం.మీ.కు ఎన్ని చుక్కలున్నవో లెక్కించవలెను. నూటికి ఒకటి కంటె ఎక్కువ తేడా వచ్చినచో, వస్తువు ఎప్పుడును ఫోటో నడిమి సగభాగములోనే ఉండునట్లు చూచుకొనవలెను.

మూడవది, మరల మరల తీయు పరీక్ష. ఒకే వస్తువును, ఒకే చోటినుండి, ఫోనును ప్రతిసారి జేబులో పెట్టి తిరిగి తీసి, అయిదు ఫోటోలు తీయవలెను. అయిదు కొలతలలో మిక్కిలి పెద్దదానికిని మిక్కిలి చిన్నదానికిని గల తేడాయే మీ చేతి పొరపాటు, ఫోను పొరపాటు కలిసిన మొత్తము. ఫోనులోని లెన్సు దృష్టి కుదురుటకై ముందు వెనుకలకు కదలును. చేయి వణకుటను సవరించుటకై కొన్ని ఫోనులలో ప్రక్కలకు కూడ కదలును. కాబట్టి ఒక్క ఫోటోతో తృప్తి పడరాదు.

నాలుగవది, నిజముతో సరిచూచు పరీక్ష. ఇది అన్నిటికంటె ముఖ్యము. మొదలు తెగిపోయిన టేపుతో పదిమారులు కొలిచినను పదిమారులు ఒకే కొలత వచ్చును. అయినను అది తప్పు కొలతయే. అన్ని ఫోటోలు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమనుకొనరాదు. ఫోటోనుండి కొలిచిన వస్తువును స్టీలు స్కేలుతో కూడ కొలిచి, రెంటికిని తేడా ఎంతో వ్రాసి పెట్టుకొనవలెను. ఆకు, కాయ, ఇటుక ఇట్లు పది వస్తువులు కొలిచినచో మీ ఫోను ఎంతవరకు నమ్మదగినదో మీకే తెలియును. ఫోను మార్చినప్పుడును, క్రింద పడి లెన్సు మీద గీతలు పడినప్పుడును ఈ పరీక్ష మరల చేయవలెను.

రైతు వేదికలో సమావేశము జరుగునాడు గోడకు ఒక టేపును, ఒక దారమును కట్టి యుంచినచో వచ్చిన రైతులందరును తమ తమ ఫోనులను అక్కడనే పరీక్షించుకొనవచ్చును.

తప్పులు ఎక్కడ వచ్చును?

స్కేలును వస్తువును ఒకే ఎత్తున ఉంచకపోవుట మొదటి తప్పు. కార్డు నేలమీద నుండి, ఆకు దానికంటె 2 సెం.మీ. పైకి లేచి యున్నదనుకొనుడు. 50 సెం.మీ. ఎత్తునుండి ఫోటో తీసినచో 240 మి.మీ. ఆకు 250 మి.మీ.గా కనబడును. పొడవులో ఇది నూటికి నాలుగు వంతుల తప్పు. విస్తీర్ణములో అది ఎనిమిది వంతులకు పెరుగును.

ఫోనును వంచి పట్టుకొనుట రెండవ తప్పు. వంపు పది డిగ్రీలున్నప్పుడు ఆ దిక్కున పొడవు నూటికి ఒకటిన్నర వంతు తగ్గి కనబడును. ఇరువది డిగ్రీలైనచో ఆరు వంతులు, ముప్పది డిగ్రీలైనచో పదమూడు వంతులు తగ్గును. నిలుచుండి నేలమీది వస్తువును ఏటవాలుగా తీసిన ఫోటో కొలతకు పనికిరాదు. మూడు కర్రలు కట్టి, వాని మీద నడుమ రంధ్రము గల పలకనుంచి, దానిపై ఫోను బోర్లించినచో ఎత్తు మారదు, వంపు రాదు. దీనికి ఖర్చు కూడ లేదు.

మూడవది గాలి. ఈ కెమెరాలు చిత్రమునంతటిని ఒక్కసారిగా గాక, వరుస తరువాత వరుసగా గ్రహించును. గాలికి ఊగుచున్న ఆకు ఈ లోపున కదలి, వంకరగా పడును. ఆకును కోసి పలకమీద పరచి తీయుట మేలు.

నాలుగవది పంపు విధానము. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడి, చుక్కలు తగ్గిపోవును. దానినే డాక్యుమెంటుగా జతపరచి పంపినచో తీసినది తీసినట్లే చేరును. అధికారికి కొలత కొరకు పంపునప్పుడు ఈ పద్ధతినే పాటించవలెను. వేళ్ళతో పెద్దది చేసి తీసిన ఫోటోలో వస్తువు పెద్దదిగా కనబడునే గాని క్రొత్త వివరము చేరదు. వీలైనంత దగ్గరకు పోయి తీయుటయే సరియైన పని.

ఆముదములో నామాల పురుగు: మందు కొట్టవలెనా, వద్దా?

ఇక ఈ కొలత వలన రైతుకు కలుగు లాభమును చూతము. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చల్క నేలలకు ఆముదము పాత పంట. పత్తి వచ్చి చాల భూమిని ఆక్రమించినను తేలిక నేలలలో ఆముదము ఇంకను నిలిచియున్నది. పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానములో ఈ పంట మీద పరిశోధన జరుగుచున్నది. వానకాలములో పైరు ఏపుగా ఎదుగు వేళ నామాల పురుగు పడి ఆకులను తినును. ముదిరిన పురుగు ఈనెలను మాత్రము మిగిల్చి తక్కినదంతయు తినివేయును.

ఆకు నష్టము నూటికి 25 వంతులు దాటినప్పుడే మందు కొట్టవలెనని శాస్త్రజ్ఞుల సిఫారసు. కాని ఆ 25 వంతులను ఎవరు కొలుచుచున్నారు? చిల్లులు పడిన ఆకును చూడగానే రైతు గుండె జల్లుమనును. అక్కడక్కడ చిన్న చిల్లులు పడినప్పుడు మనిషి కన్ను నష్టమును ఎక్కువగా అంచనా వేయునని మొక్కల తెగుళ్ళను అంచనా వేయు శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే గుర్తించినారు. పదవ వంతు నష్టము కంటికి నాలుగవ వంతుగా తోచినచో మందు డబ్బు, కూలి డబ్బు వృథా అగును.

నష్టము అంతటితో ఆగదు. నామాల పురుగును చంపు స్నేహితుడు ఒకడు చేనిలోనే ఉన్నాడు. మైక్రోప్లిటిస్ అను చిన్న పరాన్నజీవి ఈ పురుగు శరీరములో గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల లోపల పెరిగి బయటకు వచ్చి, పురుగు వెనుక భాగమున అంటుకొని యుండు చిన్న గూడు కట్టుకొనును. అట్టి గూళ్ళు చేనిలో తరచుగా కనబడుచున్నచో ప్రకృతియే మన పని చేయుచున్నదని అర్థము. తొందరపడి మందు కొట్టినచో పురుగుతోపాటు ఈ మిత్రుడు కూడ చచ్చును. తరువాత వచ్చు పురుగు తరమునకు అడ్డు ఉండదు.

చవక కెమెరా మిక్కిలి నమ్మకముగా చేయగల పని ఇదే. ఎందుకనగా మనకిక్కడ కావలసినది పొడవు కాదు, వంతు మాత్రమే. తిన్న భాగము, ఆకు మొత్తము ఒకే ఫోటోలో, ఒకే మట్టమున ఉన్నవి. ఒక చుక్క ఎన్ని మిల్లీమీటర్లో తెలియకున్నను వంతు మారదు. పద్ధతి ఇది:

1. తెల్లని చార్టు కాగితము మీద ఒక్కొక్క సెంటీమీటరు చదరముగా గళ్ళు గీచి, అట్టకు అంటించవలెను.

2. చేనిలో అయిదు చోట్ల, ఒక్కొక్క చోట నాలుగు మొక్కలను ఎంచవలెను. గట్టు వెంబడి మొక్కలనో, బాగా తిన్న మొక్కలనో ఏరుకొనరాదు. నడచుచు, లెక్క ప్రకారము పదియవ అడుగున ఎదురైన మొక్కను తీసికొనవలెను.

3. ప్రతి మొక్కనుండి పైన ఒకటి, నడుమ ఒకటి, క్రింద ఒకటి ఆకులు కోయవలెను. ఈనెలు మాత్రమే మిగిలిన ఆకును వదలిపెట్టరాదు. దానిని పూర్తి నష్టముగా లెక్కించవలెను.

4. ఆకును గళ్ళ అట్టపై పరచి, మీద అద్దపు పలకనుంచి, నీడలో, ఫ్లాషు లేకుండ, సరిగా పైనుండి ఫోటో తీయవలెను.

5. సాయంకాలము ఇంటివద్ద ఫోటోను పెద్దది చేసికొని, చిల్లులలో కనబడు గళ్ళను లెక్కించవలెను. సగము కంటె ఎక్కువ కనబడు గడిని ఒకటిగాను, తక్కువ కనబడు గడిని సున్నగాను తీసికొనవలెను. చిల్లులు గడి కంటె చిన్నవై ఎక్కువగా నున్నచో అర సెంటీమీటరు గళ్ళ అట్ట వాడవలెను. అంచు తినబడినచోట ఆకు రెండవ ప్రక్కను చూచి పూర్వపు ఆకారమును ఊహించి గీయవలెను.

ఉదాహరణకు ఆకు మొత్తము 400 గళ్ళు, తిన్నది 48 గళ్ళు అయినచో నష్టము నూటికి 12 వంతులు. ఇట్లు అన్ని ఆకుల నష్టమును కూడి సగటు కట్టవలెను. సగటు 25కు చాల లోపల నున్నచో ఆగి, మూడు నాలుగు రోజుల తరువాత మరల చూడవలెను. 25కు దగ్గరగా వచ్చి, పురుగులు ఇంకను మేయుచు, పరాన్నజీవి గూళ్ళు కనబడనప్పుడు విస్తరణాధికారిని సంప్రదించి తగిన చర్య తీసికొనవలెను. ఇక్కడ తప్పు కెమెరా వలన వచ్చుట తక్కువ, ఆకుల ఎంపిక వలన వచ్చుట ఎక్కువ అని గుర్తుంచుకొనవలెను.

బత్తాయి కాయ లావు

నల్లగొండ బత్తాయి తోటలలో కాయ ఎదుగుదలను చూచుటకు కూడ ఫోటో ఉపయోగపడును. చెట్టున కాయను త్రెంపకుండ, గుర్తు కట్టిన అదే కాయను పదునైదు రోజులకొకసారి కొలువవచ్చును. అయితే స్కేలును కాయ ముందరి భాగమునకు ఆనించి పట్టరాదు. కాయ లావు కనబడునది దాని నడిమి భాగమున. 70 మి.మీ. కాయ ముందర స్కేలునుంచి, కాయ నడిమికి 50 సెం.మీ. దూరమునుండి ఫోటో తీసినచో కాయ 65 మి.మీ. మాత్రమే ఉన్నట్లు లెక్క వచ్చును. స్కేలును కాయ ప్రక్కన, దాని నడిమికి సరిగా పట్టవలెను. దూరము పెరిగిన కొలది ఈ తప్పు తగ్గును. అమ్మకమునకు గ్రేడు చేయు వేళ మాత్రము వలయములు గల అట్టతో చేతనే కొలుచుట త్వరితమైన పని. అక్కడ కెమెరాతో నిమిత్తము లేదు.

చల్క నేలలో ఒర్రె ఎంత పెరిగినది?

ఈ మెట్ట ప్రాంతములలో వాన తక్కువ. కురిసినప్పుడు మాత్రము ఒక్కుమ్మడిగా కురియును. ఏటవాలు చల్క నేలలలో నీరు చాళ్ళు కట్టి, చాళ్ళు కలసి ఒర్రెలగును. ఒర్రె తల ప్రతియేడు చేనిలోనికి జరుగుచుండును. రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు గల ఒర్రె తల అర మీటరు వెనుకకు జరిగినచో ఒక ఘనపు మీటరు మట్టి, అనగా సుమారు ఒకటిన్నర టన్నులు, చేనినుండి పోయినట్లే. ఏటేట అది ఎంత జరుగుచున్నదో తెలిసినచో రాతి కట్టడము ఈ యేడే వేయవలెనా, గడ్డి నాటుట చాలునా అని నిర్ణయింపవచ్చును.

లోతును కొలుచుట వంతును, పొడవును కొలుచుట కంటె కష్టము. మనకు రెండు కన్నులుండుట వలననే వస్తువు దూరము తెలియుచున్నది. కెమెరాకు కన్ను ఒక్కటే. కావున రెండు చోట్లనుండి రెండు ఫోటోలు తీసి కలుపవలెను. ఫోటోలను కలిపి ఆకారమును తయారుచేయు కంప్యూటరు సాధనములు నేడు కలవు. వానికి ఒర్రె చుట్టును నడచుచు, ప్రతి ఫోటోలో ముందటి ఫోటోలోని భాగము మూడింట రెండు వంతులు మరల వచ్చునట్లు పదులకొలది ఫోటోలు తీసి ఇవ్వవలెను. రెండు మీటర్ల దూరమునుండి, అర మీటరు ఎడముతో తీసిన జంట ఫోటోలలో ఒక చుక్క తేడా వచ్చినచో లోతులో సుమారు రెండున్నర మి.మీ. తేడా అగును. అదే ఎడముతో నాలుగు మీటర్ల దూరమునుండి తీసినచో ఇంచుమించు పది మి.మీ. అగును. దూరము రెట్టింపైన తప్పు నాలుగింతలగునన్నమాట. కావున ఒర్రెలోనికి దిగి దగ్గరగా తీయుటయే మంచిది. స్కేలు ఒకటి ఒర్రె అడుగున, ఒకటి గట్టున ఉండితీరవలెను.

కంప్యూటరు లేని రైతుకు సులువైన మార్గము మరియొకటి కలదు. ఒర్రె అడుగునను, తలకు పైననున్న నేలలోను ఇనుప కడ్డీలు పాతి, పది సెంటీమీటర్లకొక పట్టీ చొప్పున తెలుపు, ఎరుపు రంగులు వేయవలెను. గట్టున ఒక రాయి పాతి, ప్రతిసారి ఆ రాతి మీదనే నిలిచి, కడ్డీల ఎత్తునకు వంగి ఫోటో తీయవలెను. తొలకరికి ముందొకటి, వానలు వెళ్ళిన తరువాత ఒకటి, సంవత్సరమునకు రెండు ఫోటోలు చాలును. కడ్డీ మొదట నీరు సుడి తిరిగి గుంట చేయును గనుక, కడ్డీకి జానెడు ప్రక్కన నేలమట్టమును చూడవలెను.

ఒక హద్దును ఇక్కడ చెప్పుట అవసరము. చేనంతటను పలుచగా కొట్టుకొనిపోవు పైమట్టిని ఈ కెమెరా పట్టలేదు. ఒక్క మిల్లీమీటరు మందమున పోయినను ఎకరమునకు నాలుగు ఘనపు మీటర్లు, అనగా ఆరు టన్నుల మట్టి పోవును. కాని ఒక మిల్లీమీటరు తేడా ఫోటో పొరపాటు కంటె చిన్నది. ఫోటోలో తేడా కనబడలేదు గనుక మట్టి పోలేదని అనుకొని, వాలుకు అడ్డముగా దున్నుటను మానరాదు.

కెమెరాను నమ్మరాని తావులు

గ్రామాధికారులు, విస్తరణ సిబ్బంది ఈ క్రింది సంగతులను గమనింపవలెను.

పొలము సరిహద్దులను ఫోటోతో నిర్ణయింపరాదు. అది సర్వే శాఖ వారి పని. ఫోటో మీద స్థలము, వేళ అచ్చు వేయు ఫోనులు కలవు. ఆ అచ్చు ఫోటో ఎక్కడ, ఎప్పుడు తీసినదో చెప్పునే గాని అందులోని వస్తువు ఎంత ఉన్నదో చెప్పదు.

నీటి కుంట త్రవ్వకము వంటి మట్టిపనిలో కూలి చెల్లింపు కొలతను టేపుతోను, కొలకర్రతోను చేయవలెను. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల కుంటలో లోతు అయిదు సెంటీమీటర్లు తక్కువ వ్రాసినచో అయిదు ఘనపు మీటర్ల మట్టి లెక్కకు రాకుండపోవును. అది చెమటోడ్చిన కూలివాని నోటి ముద్ద. కొలకర్రను కుంటలో నిలిపి తీసిన ఫోటో ఆ కొలతకు సాక్ష్యముగా మాత్రమే ఉండవలెను.

వడగండ్ల వాన వలననో, వరద వలననో పంట నష్టము జరిగినప్పుడు రెండు విధములైన ఫోటోలు తీయవలెను: చేను మొత్తము కనబడునట్లు ఒకటి, స్కేలు ప్రక్కన నుంచి దగ్గరగా మరియొకటి. దగ్గరి ఫోటోలు చేనిలో వేరువేరు చోట్లవి కావలెను. బాగా పాడైన చోటునే పదిమారులు తీసిన ఫోటోలు అధికారికి నమ్మకము కలిగింపవు. నిజముగా నష్టపోయిన రైతుకు అవి కీడే చేయును.

గుర్తుంచుకొనవలసిన విషయములు

స్కేలు లేని ఫోటో చూచుటకే గాని కొలుచుటకు కాదు.

స్కేలును, వస్తువును ఒకే మట్టమున ఉంచవలెను; ఫోనును వంచరాదు; వస్తువు ఫోటో నడుమ ఉండవలెను.

ప్రధాన లెన్సునే వాడవలెను, దగ్గరకు పోయి తీయవలెను, మూలరూపములోనే పంపవలెను.

ఒకే కొలతకు కనీసము మూడు ఫోటోలు తీయవలెను. అప్పుడప్పుడు స్టీలు స్కేలుతో సరిచూడవలెను.

వంతును కొలుచుట సులభము, పొడవును కొలుచుటకు జాగ్రత్త కావలెను, లోతును కొలుచుటకు జాగ్రత్తతో పాటు ఓర్పు కూడ కావలెను.

కొలిచిన తేది, చేను పేరు, కొలత, తేడా ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొనవలెను. రెండు మూడు సంవత్సరముల లెక్కలు చేరినచో ఆ పుస్తకమే మీ చేనికి మంచి సలహాదారు కాగలదు.

రైతు సోదర సోదరీమణులారా! ఫోను ఇప్పటికే మీ చేతిలో నున్నది. దీనికై క్రొత్తగా కొనవలసినది ఒక స్టీలు స్కేలు, ఒక చార్టు కాగితము మాత్రమే. ఈ వానకాలమున ఆముదపు చేనిలో పురుగు కనబడినప్పుడు మందుల దుకాణమునకు పోవుటకు ముందు గళ్ళ అట్టను తీసికొని చేనిలోనికి పొండు. తిన్నదెంతో లెక్కించి, మిత్రపురుగు గూళ్ళున్నవేమో చూచి, అటుపిమ్మట నిర్ణయించుకొనుడు. సందేహము కలిగినచో ఆ ఫోటోలతోను, ఆ లెక్కతోను మీ విస్తరణాధికారి వద్దకు రండు. లెక్కతో వచ్చిన రైతుకు సరియైన సలహా చెప్పుట మాకును సులభము.